ఉన్ని వాసన

తిరువూరు బజారులో ముప్పై ఏళ్లుగా మిషను తొక్కుతున్న మదార్, దారప్పోగు కాల్చి వాసన చూసి అది ఏ గుడ్డో చెప్పేస్తాడు. కళ్ళు మూసి, మోకాలు రుద్దుకుంటూ, "ఇది నూలు, ఇది టెరిలిన్. వెంట్రుక కాలిన వాసనొస్తే ఉన్ని" అంటాడు. బెజవాడలో ఆపరేషను చేయించుకున్నా ఆ ఎడమ మోకాలి నొప్పి మాత్రం అతన్ని వదల్లేదు. ఆ ఉదయం డాక్టరు తొడ వెనక నరానికి మత్తుసూది వేసి, "సాయంత్రం దాకా ఆ కాలు నీది కాదనుకో. ఇంటికెళ్లి పడుకో" అన్నాడు. నొప్పి పోయిన సంబరంలో మదార్ రిక్షా ఎక్కి నేరుగా కొట్టుకొచ్చి కూర్చున్నాడు. కాలు మొద్దుబారి బల్ల కింద దుంగలా పడి ఉంది.

"ఎన్నాళ్లకో అమ్మగారూ, ఇవాళ నొప్పన్నదే లేదు" అని జాకెట్ల కోసం వచ్చిన శివపార్వతమ్మతో చెబుతూ, బొగ్గుల ఇస్త్రీపెట్టె లాగుతున్నవాడల్లా ఆగి ముక్కు ఎగబీల్చాడు. "ఎక్కడో ఉన్ని కాలుతోందండీ."

"ఈ రోహిణి ఎండల్లో ఉన్ని ఎవరు కుట్టించుకుంటారు మదారూ?"

నిజమే. అయినా ఒక్కో జాకెట్టూ తిరగేసి చూశాడు. ఎక్కడా మచ్చ లేదు. గుండె కుదుటపడి, "గుడ్డలకేం కాలేదమ్మా" అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. బల్ల కిందికి చూస్తోంది. పెట్టెలోంచి జారిన నిప్పు అతని ఎడమ పాదం మీద కూర్చుని, గాలి తగిలినప్పుడల్లా ఎర్రబడుతోంది.