బోరుబండికి మారిన గొంతులు

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం నన్ను హైదరాబాదు నుంచి భువనగిరి వైపు ఉన్న ఒక చిన్న ఎఫ్.ఎం. రేడియో కేంద్రానికి రికార్డింగ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ఏ పాట ప్రసారం కావాలో ప్రోగ్రాం అధికారి నిర్ణయిస్తారు. అది వినేవారి చెవికి ఎలా చేరాలన్నది ఇంజనీరు బాధ్యత. మాకున్నది ఒకటే స్టూడియో. రైతులతో ముచ్చట్లు, భజనలు, బతుకమ్మ పాటలు రికార్డు చేయడానికి కట్టిన గది అది.

ఆ వేసవిలో నలుగురు డిగ్రీ విద్యార్థులు ట్రాలీ ఆటోలో డ్రమ్ములు వేసుకుని వచ్చారు. బృందం పేరు బోరుబండి. డ్రమ్ములు వాయించే సాల్మన్ వాళ్ల ఊరి చర్చిలో తాళం నేర్చుకున్నాడు. గిటారు నరేందర్, బేస్ గిటారు రేణుక. పాడేవాడు ఎల్లేశ్, మోత్కూర్ దగ్గర ఊళ్లో గొర్రెలు కాసే ఇంటివాడు. పాటలు రాసేదీ అతనే. అతనూ సాల్మనూ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవారు. బృందం పుట్టింది కూడా ఆ గదిలోనే.

వాళ్లు వాయించేది పోస్ట్-హార్డ్‌కోర్ అనే రాక్ సంగీతం. ఒకే పాటలో మెత్తని రాగమూ గొంతు చించుకునే అరుపూ పక్కపక్కనే ఉంటాయి. తాళం మధ్యలో విరిగి మరో నడకలో పడుతుంది. మా ప్రోగ్రాం అధికారి ఒక చరణం విని, ఇది వింటే మన శ్రోతలు రేడియో పాడైందనుకుంటారని అన్నారు. అయినా యువజనుల కార్యక్రమంలో ఒక పాటకు ఒప్పుకున్నారు.

నాకు అది కొత్త పని. భజనలకు వాడే సున్నితమైన మైకు ఆ అరుపును భరించలేదు. కంప్యూటర్ తెరమీద శబ్దం ఎర్రగీత దాటితే పాట పగిలిపోతుంది. డ్రమ్ముల చుట్టూ దుప్పట్లు కట్టించాను. ఉపన్యాసాలకు వాడే మొరటు మైకు ఎల్లేశ్‌కు ఇచ్చి, అరిచే చోట అడుగు వెనక్కి వేయమన్నాను. పాట పేరు ‘నీళ్లు పడలే’. ఎల్లేశ్ తండ్రి వేయించిన బోర్లలో ఒక్కదాంట్లోనూ నీళ్లు పడక, బోరు వేసే బండి చప్పుడు ఆగిన తర్వాత ఆ మెట్ట చెలకలో ఎవరూ మాట్లాడలేదట. ఆ పూటనే పాటగా కట్టాడు. చివర ‘పడలే’ అన్న ఒక్క మాటనే అరుస్తూ పోయాడు. రికార్డింగు గది అద్దం ఇవతల ఉన్న ప్రోగ్రాం అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. దాన్ని మరోసారి రికార్డు చేయాల్సిన అవసరం రాలేదు.

ప్రసారం తర్వాత కాలేజీల నుంచి పిలుపులు వచ్చాయి. పాట ఫోన్లలో తిరిగింది. బృందం మాత్రం రెండేళ్లకే చెదరడం మొదలైంది. నరేందర్‌కు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. రేణుక టీచరై ఆత్మకూర్ వెళ్లింది. ఆమె స్థానంలో ఒకరి తర్వాత ఒకరు మారుతూ వచ్చారు. నరేందర్ స్థానంలో హైదరాబాదు నుంచి నిఖిల్ చేరాడు. చేతిలో మంచి విద్య ఉన్నవాడు, ముందుచూపు ఉన్నవాడు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు.

దెబ్బ తగిలింది ఎల్లేశ్ గొంతుకు. ఈ రకం అరుపుకు ఊపిరిని పొట్టలోంచి తోయడం నేర్చుకోవాలి. గొంతుతోనే లాగితే స్వరతంత్రుల మీద కాయల్లాంటి గడ్డలు వస్తాయి. ఎల్లేశ్‌కు నేర్పినవారెవరూ లేరు. హైదరాబాదులో పెద్ద దవాఖాన డాక్టర్లు కొన్ని నెలలు పాడవద్దు, గట్టిగా మాట్లాడనూ వద్దు అన్నారు. అతను ఊరికి వెళ్లిపోయి గొర్రెలు కాసుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే బెంగళూరులో ఒక పెద్ద సంగీతోత్సవం నుంచి బోరుబండికి ఆహ్వానం వచ్చింది. తాత్కాలికంగా మరో గాయకుణ్ణి తీసుకుందామని నిఖిల్ అన్నాడు. సాల్మన్ నా దగ్గరికి వచ్చి కొత్త గొంతుకు ఏ మైకు సరిపోతుంది మేడం అని అడిగాడు. ఎల్లేశ్ ఏమన్నాడని అడిగాను. వాడు అసలే బాధలో ఉన్నాడు, బెంగళూరు నుంచి తిరిగొచ్చినంక చెప్తానన్నాడు సాల్మన్. అతని ముఖంలో దయే కనిపించింది. స్నేహితుణ్ణి నొప్పించకూడదనే అనుకున్నాడు.

ఉత్సవం పోస్టరు ఎల్లేశ్ ఫోనులోకి ముందే చేరింది. అతని స్థానంలో మరొకడి ఫొటో ఉంది. అతను గొడవ చేయలేదు, ఫోను కూడా చేయలేదు. గొంతు నయమయ్యాక కూడా తిరిగి రాలేదు. ఉత్సవం నుంచి తిరిగొచ్చాక సాల్మన్ చేసిన ఫోన్లు ఎత్తలేదు. తాత్కాలిక గాయకుడు అలాగే స్థిరపడి, ఏడాది తిరగకముందే సినిమా పాటలవైపు వెళ్లాడు. మరొకడు వచ్చాడు. కరోనా కాలంలో కచేరీలు ఆగిపోయి నిఖిల్ కూడా వెళ్లిపోయాడు. మొదటివాళ్లలో సాల్మన్ ఒక్కడే మిగిలాడు.

నేను పదవీ విరమణ చేయబోయే సంవత్సరం సాల్మన్ మళ్లీ కొత్త బృందంతో రికార్డింగుకు వచ్చాడు. ‘నీళ్లు పడలే’ను ఎల్లేశ్‌తోనే పాడించాలని ఉందని, తాను ఒక్కడే వెళ్తే అతను బయటికి రాడేమోనని, నన్ను తోడు రమ్మన్నాడు. ఒక ఆదివారం నా కారులో మోత్కూర్ మీదుగా వెళ్లాం.

ఎల్లేశ్ దొడ్డి దగ్గర గొర్రెలకు నట్టల మందు పోస్తున్నాడు. ఒక్కో దాని దవడ పట్టి, నోరు తెరిచి, కడుపులో పురుగులు పోయే ఆ మందు పోసి వదులుతున్నాడు. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని వచ్చి, నాకు మంచం వాల్చాడు. ఒక పొట్టేలు గట్టు దాటబోతే అదిలించాడు. ఆ కేకలో పగులు లేదు. నా చెవికి ఆ మాత్రం తెలుస్తుంది.

సాల్మన్ వచ్చిన పని చెప్పాడు. ఎల్లేశ్ నా వైపు తిరిగి చెప్పాడు:

“గొంతు మంచిగనే ఉంది మేడం. పాడబుద్ధయితలేదు.”

సాల్మన్ తలవంచుకుని, “గప్పుడు నీకు చెప్తే బాధపడ్తవనుకున్నరా” అన్నాడు.

“మీరు పోయిన్రని నాకు కోపం లేదు. ఒక్కమాట అడిగితే పోండ్రి అనేటోన్ని. నువ్వు అడుగుతవని ఫోన్ పక్కన్నే వెట్టుకొని సూసిన.”

ఎల్లేశ్ పాటను వాడుకొమ్మన్నాడు, బృందం పేరు కూడా నీదగ్గరే ఉంచుకొమ్మన్నాడు. మాకు చాయ్ తాగించి, కారుదాకా వచ్చి సాగనంపాడు. మర్యాదలో ఏ లోటూ చేయలేదు.

పాటను కొత్త అబ్బాయితోనే రికార్డు చేశాం. పద్ధతిగా నేర్చుకున్న గొంతు, ఊపిరి సరిగ్గా తీస్తాడు, ఎర్రగీత ఒక్కసారీ దాటలేదు. నాలుగుసార్లు చేయించి చివరిదాన్ని ఖాయం చేశాను. సాల్మన్ విని, బాగుంది మేడం అని, డ్రమ్ములు విప్పుకోవడానికి లోపలికి వెళ్లాడు. ఈ మధ్యే బృందాన్ని ఆపేసి, చర్చిలో పిల్లలకు నేర్పుతున్నాడని విన్నాను.

ఉద్యోగంలో చాలా బృందాలు విడిపోవడం చూశాను. గొడవపడ్డవాళ్లు కొందరు మళ్లీ కలిశారు. కొద్దిరోజులకే కదా అని చేసుకున్న ఏర్పాటు గురించి, దాని వల్ల జాగా పోయే మనిషికి చెప్పనిచోట మాత్రం నాకు తెలిసి ఎవరూ తిరిగి రాలేదు. ఆ మనిషి ఒప్పుకునేవాడే అయినా, ముందు అడిగి తీరాలి.