తాళం వేసిన డిస్కులో ఒక పెళ్లి

దొంగలు పడితే ఎత్తుకుపోవడానికి ప్రెషర్ కుక్కరు తప్ప మరేమీ లేని ఇంట్లో, కంప్యూటరు డిస్కు మొత్తానికీ తాళం వేసుకున్న తెలివితక్కువవాణ్ణి నేను. ఆఫీసులో భద్రత మీద ఎవరో క్లాసు పీకి భయపెట్టారు. ఆ భయాన్ని జీతంతో పాటు ఇంటికి తెచ్చుకున్నాను. బారెడు పాస్‌వర్డు కొడితే తప్ప ఆ డిస్కులో ఉన్నదంతా నాకైనా సరే పిచ్చిగీతలే. ఇంతకీ అందులో నేను దాచిన రహస్యాలు: పాత రైలు టికెట్లు, మా ఆవిడ రాసుకున్న ఆవకాయ కొలతలు.

అలాంటి డిస్కులోకి ఒక పెళ్లి వచ్చి చేరింది. మల్కాజ్‌గిరిలో మేం అద్దెకున్న ఇంటి ఓనరుగారి అమ్మాయి పెళ్లి. ఐటీ ఊపులో నేను డిజిటల్ కెమెరా కొన్నానని తెలిసి, "ఫోటోగ్రాఫర్ ఎందుకు, మన సాఫ్ట్‌వేర్ సారు లేడా" అని ఆయన నాకే ఆ పని అప్పగించారు. ఫోటోలన్నీ డిస్కులోకి ఎక్కించి, కెమెరా కార్డును శుభ్రంగా తుడిచేశాను. శుభ్రత మా వంశంలోనే ఉంది. బుద్ధి మాత్రం కొద్దిగా పక్కవంశానికి పోయినట్టుంది. ఇంకెక్కడా కాపీ లేదు.

సీడీ చేసి ఇద్దామంటే, జాగా లేదని కంప్యూటరు మొరాయించింది. డిస్కులో రెండు గదులు. సిస్టమ్ ఉండే గదిలో కాలు పెట్టే చోటు లేదు, సీడీ తయారయ్యేది మాత్రం అక్కడే. ‘హోమ్’ అనే రెండో గదిలో పెళ్లి సర్దుకుని కూర్చున్నా బోలెడు ఖాళీ. సొంత హోమ్ లేనివాడికి యంత్రం చూపించిన జాలి. మధ్యగోడ జరపాలి. జరుపుతుండగా కరెంటు పోతే, మామూలు డిస్కయితే ఏ షాపులోనైనా ముక్కలు ఏరి ఇస్తారు. తాళం వేసిన డిస్కులో ముక్కలు దొరికినా అవి దేని ముక్కలో ఎవరూ చెప్పలేరు.

కింద ఓనరుగారు రోజూ ఆపేవారు.

"ఏంది సారూ, ఫోటోలు ఏమైనయ్? బోయిగూడ వియ్యంకులు ఫోన్ల మీద ఫోన్లు జేస్తున్రు. మా ఇజ్జత్ పోతున్నది."

"ఈ ఆదివారం ఇచ్చేస్తాను అంకుల్."

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నాను. కునుకు తీసి, నాలుగున్నరకు లేచి కీబోర్డు మీద చెయ్యి వేసేసరికి మా ఆవిడ వచ్చింది. మాది విజయనగరం వైపు.

"ఏటండీ, ఆదివారం రాహుకాలంలో ఏటా పని? దాటాక మొదలెట్టండి."

"రాహువుకి కంప్యూటర్లేం తెలుసు?"

"మీకు తెలుసా మరి?"

నేను నమ్మను. నమ్మకపోయినా, ఒకవేళ ఫోటోలు పోతే జీవితాంతం వినాల్సిన మాటను తలుచుకుని ఆగాను. రాహుకాలం దాటాక మొదలుపెట్టాను. ఫైళ్లు ఒక పక్కకు జరగడం మొదలైంది, తెర మీద గీత మెల్లగా పాకుతోంది. అప్పుడు కింద గేటు దగ్గర కేక వినిపించింది: "నీళ్లొచ్చినయ్!"

రోజు విడిచి రోజు మా వీధికి నీళ్లొచ్చే సమయం అదే. రాహువును లెక్కపెట్టుకున్నాను గానీ మునిసిపాలిటీని మరిచిపోయాను. నీళ్లొచ్చాయంటే వీధిలో ప్రతి ఇంటా మోటరే. మా ఇంటి మోటరు గుర్రుమంది. బల్బు ఎర్రబడి ఆరిపోయింది. రెజిమెంటల్ బజార్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న యూపీఎస్ కీచుకీచుమని ఏడవడం మొదలుపెట్టింది. దాని ఆయుష్షు ఎంతో నాకూ తెలియదు, దానికీ తెలియదు.

కిందికి పరుగెత్తాను. "అంకుల్, ఫ్యూజు!"

"ఏస్తా సారూ, పరేషాన్ గాకుండ్రి." ఆయన తీగ చుట్టడం చూస్తుంటే, తీరిగ్గా మల్లెపూలు కడుతున్నట్టుంది. కరెంటు వచ్చింది. వెంటనే ఆయన చెయ్యి మోటరు స్విచ్ మీదికి పోయింది. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఒక్క గంట మోటరు ఆపండి అంకుల్. పైన కంప్యూటర్లో పని నడుస్తోంది."

"నీళ్లు ఆగుతయా? ఇయ్యాల పోతే మళ్ల ఎల్లుండే. మీ కంపూటర్ నీళ్లిస్తదా ఏంది?"

మీ అమ్మాయి పెళ్లి పైన గోడ మధ్యలో ఇరుక్కుందని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ట్యాంకు నేను నింపుతాను. బకెట్లతో."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, కుర్చీ తెచ్చి వేసుకున్నారు.

గేటు పక్క గుంటలో ఉన్న కుళాయి కింద పట్టడం, మేడ మీదికి మోయడం. మెట్లు మా గుమ్మం ముందునుంచే గనక ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి తెర వైపు తొంగి చూసేవాణ్ణి. గీత కదిలినట్టే ఉండేది, కదలనట్టూ ఉండేది. వీధిలో ఇంకో మోటరు మోగినప్పుడల్లా బల్బు వణికేది, దానితోపాటు నేనూ. కింద ఓనరుగారి వ్యాఖ్యానం ఆగలేదు, ఎదురింటావిణ్ణి కూడా పిలిచారు.

"ఓ యాదవ్వా, గిట్ల రా, సూడు! సాఫ్ట్‌వేర్ సారు నీళ్లు మోస్తున్నడు. అమెరికోల్లు ఇసొంటి పనికేనా గన్ని పైసలిచ్చేది? సారూ, జెర నిండుగ తేండ్రి, సగం మెట్లే తాగుతున్నయ్!"

చివరికి మా ఆవిడ పిట్టగోడ మీదినుంచి అరిచింది. "ఏవండీ, అయిపోయిందట! ఏదో ఇంగ్లీషులో రాసింది!"

తడిచేతులతో పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి తాళం తెరుచుకుంది. హోమ్ తెరిచి ఒక్కొక్క ఫోటో చూశాను. తలంబ్రాలు ఉన్నాయి, అప్పగింతలు ఉన్నాయి, ఏడుస్తూ నవ్విన పెళ్లికూతురు ఉంది. కుర్చీలో వెనక్కి వాలాక గానీ భుజాలు నొప్పి పుడుతున్నాయని తెలియలేదు.

ఆ చూడటంలోనే ఒకటి కనిపించింది. తీసినట్టు నాకే గుర్తులేదు. ముహూర్తానికి ముందు, వంటల షామియానా వెనక, పట్టుపంచెలో ఓనరుగారు. కన్యాదానం అయ్యేదాకా ఉపవాసం ఉండాల్సిన మనిషి. నోటినిండా మిరపకాయ బజ్జీ, చేతిలో ఇంకోటి.

తప్పు నాదేనని నాకు తెలుసు. బకెట్లు మోసిన భుజాలకు తెలియదు. ఓనరుగారి సీడీలో మొట్టమొదటి బొమ్మగా దాన్నే పెట్టాను. బోయిగూడకు ఇవ్వాల్సిన సీడీలో మాత్రం లేదు. ఇజ్జత్ సంగతి కదా. ఇది కేవలం ఇంటి వాడకానికి.

మర్నాడు సాయంత్రం కింద టీవీ ముందు అందరూ చేరారు. కాసేపటికి ఓనరుగారి భార్య గొంతు మేడ మీదిదాకా వచ్చింది. "పొద్దుగాల్నుంచి మంచినీళ్లు సుత ముట్టలేదంటివి గదా! గిదేంది మరి?"

మెట్ల మీద అడుగుల చప్పుడు. గుమ్మంలో ఓనరుగారు, గొంతు తగ్గించి: "సారూ, గా మొదటి ఫోటో జెర తీసేస్తరా?"

"సీడీ ఒకసారి రాశాక చెరగదు అంకుల్," అన్నాను, ఎంతో విచారంగా.