రాయిస్ హాలరన్ బదులు నిలబడ్డవాడు

స్టూడియోలో ఆర్విల్ ప్రూయిట్ ఉద్యోగం నిలబడడం. హీరో రాయిస్ హాలరన్ తన గదిలో కాళ్ళు చాపుకుని ఉంటే, సెట్టు మీద ఆయన ఉండాల్సిన చోట ఆర్విల్ నిలబడేవాడు. లైట్లవాళ్ళు అతని మొహం చూసి వెలుగు సర్దుకునేవారు. అంతా కుదిరాక హీరో వచ్చేవాడు, ఇతను తప్పుకునేవాడు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే వయసు. హాలరన్ జుట్టుకి రంగేస్తే ఇతనూ వేసేవాడు. హాలరన్ కోటు నడుము నేను వదులు చేసినప్పుడల్లా తన కోటూ వదులు చేయించుకుని, లేని పొట్టకి లోపల దూది కుట్టించుకునేవాడు.

"ఈ ఏడు మా ఇద్దరికీ ఒళ్ళొచ్చింది, ఎడ్నా," అనేవాడు, బిరుదేదో దక్కినట్టు.

ఆ ఏడు తీసిన ప్రేమకథ పారిస్‌లో జరుగుతుంది. పారిస్ అంటే మా షెడ్డులో గుడ్డ మీద వేసిన బొమ్మ. పూలమ్మే పడుచుపిల్ల ఒక కుర్ర బ్రహ్మచారిని చూసి మనసు పారేసుకోవాలి. ఆ బ్రహ్మచారి హాలరన్. అప్పటికే ఆయనకి మనవలున్నారు.

ఒక ఉదయం ఎవరూ పిలవకముందే ఆయన సెట్టుకొచ్చి, లైట్ల కింద ఆర్విల్‌ని చూశాడు.

"ఎవడా ముసలాడు?"

హాస్యమనుకుని ఆర్విల్ నవ్వాడు. "నేనే సార్, ఆర్విల్‌ని."

"ఈ మొహం చూశాక నాకు ప్రేమెట్లా పుడుతుందయ్యా? కుర్రాణ్ణెవణ్ణైనా పెట్టండి."

పెట్టారు. కొత్తవాడి మొహం కోడిగుడ్డంత నున్నగా ఉంది. లైట్ల పెద్ద గస్ ఆ నునుపుకి తగ్గట్టే వెలుగు వేశాడు. ఆ వెలుగులోకి హాలరన్ వెళ్ళి నిలబడ్డాడు.

ఆర్విల్ ఇంట్లో ఫోను పక్కనే కూర్చున్నాడు. స్నానానికి వెళ్తే తలుపు తీసే ఉంచేవాడని అతని భార్య చెప్పింది.

వారం తరవాత నిర్మాత తీసినంత మేరా వేయించుకుని చూశాడు. "ఇదేంటి గస్, పిల్లని వాళ్ళ తాత ముద్దెట్టుకుంటున్నాడు?"

"కుర్రాడి మొహానికి వేసిన లైటు సార్ అది. ముడతలు దాచమని ఎవరు చెప్పారు నాకు?"

"ఆ పాతవాణ్ణి పిలు. హీరో కంట మాత్రం పడకూడదు."

ఏర్పాటు ఏమిటంటే, ఆర్విల్ నిలబడాలి, హీరో వస్తున్నాడనగానే దొడ్డిదారిన పోవాలి.

"ఒప్పుకోకు. సిగ్గులేదూ?" అన్నాను.

"నేను లేకపోతే ఆయన మొహం ఏమైందో చూశావుగా!" అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

పాడైన సీన్లు మళ్ళీ తీయలేదు. అందుకే ఆ సినిమాలో ముద్దు తాతతో మొదలై, మధ్యవయసు పెద్దమనిషితో ముగుస్తుంది. జనం నవ్వింది అక్కడే. నవ్వాలని రాసిన చోట్ల దగ్గారు.

షూటింగు ఆఖరి రోజు హాలరన్ మళ్ళీ చెప్పకుండా వచ్చేశాడు. బయటికి పోయే వ్యవధి లేక ఆర్విల్ పారిస్ బొమ్మ వెనక్కి దూరి, అక్కడ కుట్టుపని చేసుకుంటున్న నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. హాలరన్ లైట్లలో నిలబడి, అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

"చూశారా? ముసలాణ్ణి తీసేయగానే ఎంత తేడానో!"

ఆర్విల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"విన్నావా?" అన్నాడు గుసగుసగా. "ఆయనకి నచ్చింది."