మచ్చ లేని పళ్ళు

మా సారు మొదటిసారి నన్ను పిలిచినప్పుడు నా పేరు ఆయనకు తెలియదు. "కిటికీ పక్కనున్న అమ్మాయి, నువ్వే, ఇలా రా" అన్నారు. పురావస్తు శాస్త్రంలో ఎమ్మే మొదటి ఏడాది. ఆయన చేతిలో ఒక కింది దవడ ఎముక ఉంది. మా ఊళ్ళ వైపు రాకాసి గుళ్ళని పిలిచే బండరాళ్ళ వలయాల కింద తవ్వితే దొరికింది. రెండువేల ఏళ్ళకు పైబడిన సమాధి. లోపల పడుకున్నది ఆడమనిషి అని అప్పటికే తేల్చారు.

నేను వెళ్ళి బల్ల పక్కన నిలబడ్డాను.

"ఒకసారి నవ్వమ్మా," అన్నారు.

ఎందుకో తెలియక, పెద్దాయన అడిగారు కదా అని నవ్వాను. ఆయన ఆ దవడను నా మొహం పక్కన పట్టుకుని క్లాసు వైపు తిప్పారు.

"చూడండి. ఈవిడ బ్రష్షు మొహం చూడలేదు, పేస్టు పేరు వినలేదు. ఒక్క మచ్చ లేదు. ఈ అమ్మాయివి చూడండి. ఎవరు నాగరికులో మీరే చెప్పండి!"

క్లాసంతా నవ్వింది. ముందు బెంచీలో ఒకమ్మాయి నవ్వు ఆపుకోలేక పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నోరు మూశాను. ఆ తర్వాత ఆ రెండేళ్ళూ క్లాసులో నోరు తెరిచి నవ్వలేదు.

మాది నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళ ఊరు. చేదబావులు ఎండిపోయాక బోర్లు వేశారు. ఎంత లోతుకు పోతే నీళ్ళలో అంత విషం. ఆ నీళ్ళు తాగే పిల్లలకు పళ్ళు మొలవడమే గోధుమరంగు చారలతో మొలుస్తాయి. తోమితే పోవు, గీకితే పోవు. మా నాన్న లారీ నడిపేవాడు. నాకు పదేళ్ళు వచ్చాక ఎల్బీనగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని మమ్మల్ని పట్నం తెచ్చాడు. నల్లా నీళ్ళు దొరికాయి గానీ నా పళ్ళకు ఆలస్యమైపోయింది. అమ్మకు అంతకన్నా ఆలస్యమైంది. ఆ విషం ఆమె ఎముకల్లోకే దిగింది. మెడ తిరగదు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. నడుము వంగదు కాబట్టి ఇల్లు నిలబడే ఊడ్చేది, పొడుగు కర్రకు చీపురు కట్టుకుని.

ఇంత జరిగాక కూడా ఆయన దగ్గరే పరిశోధనకు ఎందుకు చేరావని తర్వాత చాలామంది అడిగారు. పళ్ళను చదవడం ఆయనకు తప్ప అక్కడ ఎవరికీ రాదు. పని నేర్పడంలో ఆయన ఏదీ దాచుకునేవారు కాదు. స్టోరు గదిలో చెక్కపెట్టెల నిండా దవడలు, విడి పళ్ళు ఉండేవి. భూతద్దం చేతికిచ్చి పక్కన కూర్చునేవారు. దంతాలు బల్లపరుపుగా అరిగాయంటే, రాతి మీద విసిరిన జొన్న పిండిలో ఇసుక కలిసిందన్న మాట. పన్ను మీద అడ్డంగా సన్నటి గీత ఉందంటే, ఆ పన్ను లోపల తయారవుతున్న కాలంలో ఆ పిల్లకు తిండి లేదన్న మాట. తిండి దొరకగానే పన్ను మళ్ళీ మామూలుగా పెరుగుతుంది, గీత మాత్రం చచ్చేదాకా ఉంటుంది. ఒక చిన్నపిల్ల దవడ మీద గీత పక్కన గీత చూశాను. ఏడాది వెంట ఏడాది కరువు. ఆఖరి గీత తర్వాత పన్ను లేదు, పిల్లా లేదు.

అన్ని కరువులు పడ్డ ఆ మనుషుల పళ్ళకు కూడా మా ఊరి మచ్చలు లేవు. మట్టి రంగు అంటుకున్నవి ఉన్నాయి, కడిగితే అది వదిలేది. ఒక పెట్టె మా ఊరికి మూడు కోసుల దూరంలోని రాకాసి గుళ్ళది. అదే నేల, అవే రాళ్ళు. వాళ్ళు వాన నీళ్ళు, కుంట నీళ్ళు, చెలమ నీళ్ళు తాగి ఉంటారు. నేల అడుగున ఉన్న నీళ్ళు తాగే ఖర్మ వాళ్ళకు పట్టలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు సారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"ఇది బావుందే. మీ అమ్మగారికి ఫ్లోరోసిస్ అన్నావు కదూ? ఒకసారి తీసుకురా. పిల్లలు పుస్తకంలో బొమ్మలే చూశారు."

ఆయన ఏదైనా మందు చెబుతారేమోనని అమ్మ అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. సారు ఆమెను క్లాసు గదిలోకి తీసుకెళ్ళి నిలబెట్టారు. ఎదురుగా ఎమ్మే పిల్లలు ఉన్నారు.

"అమ్మా, గడ్డం ఛాతీకి ఆనించండి," అన్నారు.

"రాదు సారూ," అంది అమ్మ.

"ప్రయత్నించండి."

అమ్మ ప్రయత్నించింది. తల కదలలేదు, భుజాలు ముందుకొచ్చాయి. మెడ నరాలు తాళ్ళలా లేచాయి.

"గమనించారా? ఇప్పుడు మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు ముట్టుకోండి."

చేతులు తొడల దగ్గరే ఆగిపోయాయి. వెనక కూర్చున్నవాళ్ళకు కనబడలేదంటే ఆయన మళ్ళీ వంగమన్నారు. అమ్మ మళ్ళీ వంగింది. చేతులు తల వెనక్కి పెట్టమన్నారు. అవి చెవుల దాకా లేచి వణికాయి. ఆయన ఆమె మోచేతిని సుద్దముక్కతో తాకుతూ ఎక్కడెక్కడ ఎముక పెరిగి అతుక్కుపోయిందో చూపించారు. "పక్కకి తిరగండి" అంటే ఆమె మనిషంతా తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్లలు రాసుకున్నారు.

"సార్, చాలు," అన్నాను.

"రెండు నిమిషాలమ్మా," అని నా వైపు చూడకుండానే అన్నారు.

ఇంటికి పోయే బస్సు మూసారాంబాగ్ దాటింది. అమ్మ కిటికీ వైపు కూర్చుని ఉంది, మెడ తిప్పి బయటకు చూడటం రాదు కాబట్టి ఎదురు సీటు వెనక భాగాన్ని చూస్తూ కూర్చుంది.

"సారు మంచోడు బిడ్డ," అంది. "దవాఖానల డాక్టరు గూడ ఇంత సేపు సూడలె. మందు ఎప్పుడిస్తనన్నడు?"

"పరీక్షలు జేసినంక," అన్నాను.

అప్పటికి తెలంగాణ ఉద్యమం వేడెక్కింది. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో రోజూ ఏదో ఒక ఊరేగింపు. మా ఎల్బీనగర్ సందుల్లో పిల్లలు గోలీలాడుతూ నినాదాలు పాడేవాళ్ళు. ఉపన్యాసాల్లో నల్లగొండ ఫ్లోరైడ్ మాట రానిరోజు లేదు. వంకర కాళ్ళ పిల్లల ఫొటోలు ఫ్లెక్సీలెక్కాయి. నేను వేదికల దగ్గరికి పోలేదు. నా థీసిస్‌లో ఒక అధ్యాయం రాసుకున్నాను. పాతకాలపు పళ్ళు మచ్చ లేకుండా ఉండటం, కుంటలు పూడిపోవడం, బోర్లు రావడం, ఇప్పటి పళ్ళు. చివర్లో, కృష్ణా నీళ్ళు పక్కనుంచే పోతున్నా ఈ ఊళ్ళకు అందలేదని ఒక్క వాక్యం రాశాను.

సారుది ఆంధ్ర వైపు. ఆయన ఆ వాక్యం మీద ఎర్ర కలంతో గీత పెట్టి ఊరుకోలేదు, మొత్తం అధ్యాయం మీద అడ్డంగా కొట్టేశారు.

"ఇది థీసిసా, కరపత్రమా? మీవాళ్ళకి ఈమధ్య ఏం చూసినా అన్యాయమే కనబడుతోంది. రెండువేల ఏళ్ళ నాటి శవాన్ని కూడా ఊరేగింపులో నడిపిస్తారా?"

"నేను నీళ్ళ గురించే రాసిన సార్."

"రాసిన కాదు, రాశాను. ముందు తెలుగు నేర్చుకో. మళ్ళీ రాసి ఇంటికి పట్రా."

వాక్యం తీసేసి మళ్ళీ రాశాను. ఇవ్వాల్సిన రోజు బంద్. ఆయన ఇల్లు చైతన్యపురిలో. బస్సులు లేవు. ఆలస్యమైతే అదొక వంక అవుతుందని పొద్దున్నే ఎల్బీనగర్ నుంచి నడిచి బయల్దేరాను. కొత్తపేట దాటాక రోడ్డు మీద టైరు కాలుతోంది. చైతన్యపురి దగ్గరికి వచ్చేసరికి జనం గుండ్రంగా మూగి ఉన్నారు. మధ్యలో మా సారు.

భార్యకు షుగరు మందు కోసం స్కూటరు మీద బయటికి వచ్చారట. హాస్టళ్ళ కుర్రాళ్ళు ఆపారు. ఆయన "ఏవండీ, నేను ప్రొఫెసర్ని, నన్ను వెళ్ళనివ్వండి" అన్నారట. ఆ 'ఏవండీ' పట్టుకుని ఏడిపిస్తున్నారు.

"ఏవండీ కాదు సారూ, ఏందన్నా అను. ఏదీ, అను!"

"ఏందన్నా," అన్నారు సారు. గొంతు పీలగా వచ్చింది.

"గట్టిగ!"

"ఏందన్నా."

ఈలలు వేశారు. ఒకడు ఆయన కళ్ళజోడు తీసి పెట్టుకుని వేలు ఆడిస్తూ పాఠం చెబుతున్నట్టు నటించాడు. ఇంకొకడు, "మా భాషకు మార్కులు గోసినవు గద, ఇప్పుడు గుంజీలు దియ్యి" అన్నాడు. ఆయన ఎవరి మార్కులు కోశారో వాడికి తెలియదు, ఆ మాట నిజమని నాకు తెలుసు. సారు చెవులు పట్టుకున్నారు. ఒకటి తీశారు. రెండోదానికి మోకాలు పట్టేసి కూర్చున్నచోటే ఉండిపోయారు. చెయ్యి ఆసరాకు వెతికింది. ఎవరూ ఇవ్వలేదు. ఫోన్లో బొమ్మ తీస్తున్నారు.

జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళి ఆయన జబ్బ పట్టి లేపాను.

"ఇడువుండ్రి. మా సారు."

"నువ్వెవ్వతివే? ఆంధ్రోనికి వకాల్తా జేస్తున్నవా?"

"నాది నల్లగొండ."

"ఎవ్వలన్న జెప్తరు నల్లగొండని!"

అప్పుడు వాడి మొహం ముందుకు వెళ్ళి పెదాలు పైకి లాగి పళ్ళు చూపించాను. పైవి, కిందివి, అన్నీ.

"సూడు. మంచిగ సూడు. గివి గుంటూరుల మొలుస్తయా?"

వాడు చూశాడు. వెనకున్నవాళ్ళూ మెడలు చాచి చూశారు. సంతలో పశువును చూసినట్టే చూశారు. "ఫ్లోరైడక్కరా" అన్నాడొకడు. కళ్ళజోడు పెట్టుకున్నవాడు దాన్ని తీసి నా చేతికిచ్చాడు. "తీస్కపో అక్కా" అన్నాడు. స్కూటరు ఉంచుకున్నారు.

ఇంటి దాకా సారు నా భుజం పట్టుకుని కుంటుతూ నడిచారు. గేటు దగ్గర భుజం వదిలి, కళ్ళజోడు తీసుకుని, లోపలికి వెళ్ళి గేటు గడియ వేశారు. నేను అధ్యాయం చాచాను. తీసుకోలేదు.

"నువ్వు ఇక్కడికి ఎందుకొచ్చావు?" అన్నారు.

"మీరే తెమ్మన్నరు సార్."

"సరిగ్గా ఈ టైముకే వచ్చావు."

తలుపు వేసేశారు. ఆ మాట నాకు వారం తర్వాత అర్థమైంది. ఆ కుర్రాళ్ళను నేనే పోగేసి తెచ్చానని, ఎర్ర కలం పెట్టినందుకు పగ తీర్చుకున్నానని, ఏమీ ఎరగనట్టు చివర్లో వచ్చి లేపానని ఆయన డిపార్ట్‌మెంటులో చెప్పారు. నేను అనగానే వాళ్ళు వదిలేయడమే సాక్ష్యమన్నారు. నన్ను పిలిచి విచారణ చేశారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. కమిటీలో ఒకాయన, మా వైపు మనిషే, "పళ్ళు జూపెడితె ఇడిసిపెట్టిన్రా?" అని నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. సారు నవ్వలేదు. బల్ల మీది గ్లాసును చూస్తూ కూర్చున్నారు. తప్పు రుజువు కాలేదు. కానీ ఈ అమ్మాయికి గైడుగా ఉండలేనని ఆయన రాసిచ్చారు. ఇంకెవరూ తీసుకోలేదు. ఆయనకు ఎదురుపోవడం ఒక భయం, ఉద్యమం మనిషినన్న పేరు ఇంకో భయం. ఉద్యమం మనుషులకేమో నేను ఆంధ్రా సారును కాపాడినదాన్ని.

మరుసటి ఏడాది డిపార్ట్‌మెంటులో స్టోరు గది ఖాళీ చేయించారు. పెట్టెల్లోని దవడలన్నీ బస్తాల్లోకి కుమ్మరించారు. ఏ ఎముక ఏ సమాధిదో చెప్పే చీటీలు చెత్తలో పోయాయి. అటెండరు చెబితే పరిగెత్తుకుంటూ వెళ్ళాను. బస్తా మూతి విప్పి చూస్తే పళ్ళు అడుగున రాలి ఉన్నాయి, కంకర్లా. ఏ ఊరివో తెలియకపోతే అవి వట్టి పళ్ళు. వాటి నుంచి ఏ నీళ్ళ సంగతీ తేలదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెప్పడానికి చేరాను. రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి మా సందులో పటాకులు కాల్చారు, అమ్మ మంచం మీంచి శబ్దం వింది. అప్పటికి ఆమె లేవడం లేదు. తర్వాతి ఎండాకాలంలో పోయింది. పాడె మీద సరిగా పడుకోబెట్టడానికి మెడ కింద బట్టలు కుక్కాల్సి వచ్చింది.

సారును ఒక్కసారే చూశాను, మెట్రో స్తంభాల కింద పండ్ల బండి దగ్గర. చేతికర్ర పట్టుకున్నారు, పక్కన కూతురు ఉంది. ఆయనే నన్ను పిలిచారు.

"నా స్టూడెంటమ్మా," అన్నారు కూతురితో. "చాలా తెలివైంది. ఉద్యమంలో పడి మధ్యలో మానేసింది. పాపం."

"మానలేదు సార్. మీరు ఆపిన్రు," అన్నాను.

కూతురు ఆయన మొహంలోకి చూసింది. ఆయన దానిమ్మకాయ ఒకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూసి, బండివాడికిచ్చారు.

"ఆ పెట్టెలెక్కడ పోయినయ్ సార్? దవడలవి?" అని అడిగాను.

"ఏ పెట్టెలు?" అన్నారు.

ఆయన నటించడం లేదు. నిజంగానే గుర్తు లేదు. కూతురు ఆటో పిలిచింది. ఎక్కేటప్పుడు ఆయన మోకాలు వంగక ఇబ్బంది పడ్డారు. నేను పట్టుకోలేదు. కూతురు పట్టుకుంది.