మాఘంలోనే ఎందుకు నడుస్తామంటే

ఈ ఉదయం తెనాలిలో తలుపు తీయగానే పొగమంచు చల్లగా ముఖానికి తగిలింది. తడిసిన వరిగడ్డి వాసన. ఎదురింటి గేటు కనపడలేదు కానీ ఎక్కడో లారీ హారను వినిపించింది. తిరుమల నడకకు ఇంకా టైముంది, అయినా నా అరికాళ్ళు అప్పుడే ఆగడం లేదు. ఏటా మాఘమాసంలో మా బృందం ఇక్కణ్ణుంచి కొండకు నడుస్తుంది. రేపల్లె వాళ్ళు బాపట్లలో కలుస్తారు. మాఘమే ఎందుకని కొత్తవాళ్ళు అడిగితే పాతవాళ్ళు నవ్వుతారు. "మా మాస్టారికి మంచు పడేది కాదండి. మఫ్లరు మాస్టారు!" అంటారు. ఈ నడక మొదలుపెట్టిన డ్రిల్లు మాస్టారు శేషయ్యగారు ఈ మధ్యే కాలం చేశారు. సంతాపసభలో కూడా ఎవరో ఆ మాట అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. అసలు జరిగింది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

మాస్టారు మా పక్కింటాయన. మొదటిసారి నడవాలనుకున్న ఏడాది నాకు ఇరవై దాటాయి. కాలం ఎంచుకోవడం ఆయన దృష్టిలో పంచాంగం పని కాదు, కాళ్ళ పని. నెలకోసారి నన్ను వెంటబెట్టుకుని రైల్లో బాపట్ల వెళ్ళేవారు. చీరాల రోడ్డెక్కి చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్ళం. మొక్కుకున్నవాళ్ళు వట్టికాళ్ళతోనే నడుస్తారు కాబట్టి తారు ఎంత కాలుతుందో ముందు మన కాళ్ళకు తెలియాలనేవారు. నీడ ఎక్కడుంది, మంచినీళ్ళు ఎవరిస్తారు, ఏ బడి వరండాలో పడుకోనిస్తారు అని దారిపొడుగునా అడిగేవారు. నాకైతే ప్రతి ప్రయాణమూ పండగే. కార్తీకంలో వెళ్తే సముద్రపు గాలికి మా గొడుగు తిరగబడింది. చూస్తుండగానే వాన కొట్టి రోడ్డు కనపడకుండా పోయింది. మోకాళ్ళ దాకా తడిసి ఒక టీకొట్టులో దూరాం. "మరి కార్తీకం మంచి మాసమే కదండీ?" అన్నాను. "మాసం మంచిదేరా. వాయుగుండానికి ఆ సంగతి తెలియాలిగా!" అన్నారు మాస్టారు, పంచె పిండుకుంటూ.

ధనుర్మాసంలో తెల్లవారుజామున బాపట్లలో దిగాం. బృందంలో అందరి మనసూ ఆ నెల మీదే ఉంది. ముక్కోటి నాటికి కొండ చేరితే ఉత్తరద్వార దర్శనం అవుతుంది. ఆ రోజు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే నాకు ఒళ్ళు తెలియని సంబరం వచ్చింది. మబ్బుల్లో నడుస్తున్నట్టుంది. "ఒరేయ్, పక్కకు నడువు" అని మాస్టారు వెనక నుంచి అరుస్తున్నారు. నేను వినిపించుకోకుండా రోడ్డు నడిమధ్యన "గోవిందా, గోవిందా" అంటూ ముందుకు పరిగెత్తాను. ధాన్యం బస్తాల ట్రాక్టరు, దానికి లైట్లు లేవు. ముందు చప్పుడు వినిపించింది, ఆ వెంటనే చక్రం కనిపించింది. మాస్టారు నా చొక్కా పట్టి లాగారు. ఇద్దరం పక్కనున్న గుంటలో పడ్డాం. నా మోచెయ్యి చీరుకుపోయింది. కాసేపటికి ఆయనే నవ్వారు. "ఏరా, గోవిందా అని పిలిస్తే ఆయన ట్రాక్టరెక్కి వచ్చేస్తాడనుకున్నావా?" అన్నారు. నవ్వుతున్నారే గానీ రైలెక్కేదాకా నా చొక్కా వదల్లేదు. తిరుగు రైల్లో మెల్లగా చెప్పారు: "మనవాళ్ళకి చెప్పమాకు. ఇట్టా ఒళ్ళు మరిచి పరిగెత్తేవాణ్ణి వెంట రానివ్వరు. మంచు నాకే పడదంటాలే."

ఆ సాయంత్రం తెనాలిలో అందరూ కూర్చున్నారు. రేపల్లె నుంచి వచ్చిన బియ్యం వ్యాపారి ఒకాయన చాలా బాధపడ్డాడు. "ముక్కోటి పోగొట్టుకుంటామా మాస్టారూ? ఇంత దూరం నడిచి ఉత్తరద్వారం చూడకపోతే ఎట్టాగండి?" అన్నాడు. మాస్టారు రాని దగ్గు తెచ్చుకుని దగ్గారు. "నాకు మంచు పడదండి. మాఘంలో పోదాం. కోతలూ నూర్పిళ్ళూ అయిపోతాయి, రోడ్డు కూడా కాస్త ఖాళీగా ఉంటుంది" అన్నారు. "ఊరందరి చేత డ్రిల్లు చేయించిన మాస్టారికి జలుబంట! ఒక మఫ్లరు కొనండయ్యా!" అన్నారెవరో. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. మోచేతి కట్టు కనపడకుండా చొక్కా చేతులు దించుకుని మరీ నవ్వాను.

మాఘంలో ఆ మొదటి నడక నాకిప్పటికీ ఒంట్లో ఉంది. బాపట్ల దాటుతుంటే మామిడి పూత వాసన, మిట్టమధ్యాహ్నం కూడా కాలును కాల్చని తారు, ఎండా చలీ సగం సగం. ముక్కోటి పోయిందని బాధపడ్డ ఆ వ్యాపారే అందరికంటే ముందు నడిచాడు. "ఎంత బాగా కుదిరిందండీ కాలం!" అని దారంతా ఆయనే అన్నాడు.

ఈ ఉదయం కాఫీ తాగుతూ అమ్మతో అన్నాను, సాయంత్రం మా బృందం సమావేశంలో జరిగింది జరిగినట్టు చెప్పేస్తానని. అమ్మ గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది.

"ట్రాక్టరు సంగతేగా? నాకు తెలుసు."

"నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు చెప్తారు? ఆ రోజే గుమ్మంలో నుంచుని ఆయనే చెప్పారు. 'నీ కొడుకుని కొంచెంలో పోగొట్టేవాణ్ణమ్మా. ఇక పంపుతావో మానతావో నీ ఇష్టం' అన్నారు. లోపలికి రమ్మన్నా రాలేదు."

"మరెందుకు పంపావమ్మా?"

"అట్టాంటి మాట తల్లి మొహం మీద చెప్పగలిగిన ఆయనతో కాక, ఇంకెవరితో పంపుతానురా?"

నన్ను కాపాడటానికి ఆయన అందరి దగ్గరా దాచారు. దాచకూడని ఒక్క మనిషి దగ్గర మాత్రం దాచలేదు.

ఈసారి నడకకు కొత్తవాళ్ళు చాలామంది వస్తున్నారు, ఆ ఉత్సాహం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఈ సాయంత్రం చెప్పాల్సింది చెప్పేసి, రేపటి నుంచి వాళ్ళ ఇళ్ళకు నేనే వెళ్తాను. బయలుదేరే రోజు తర్వాత చెప్తాను. ముందు గుమ్మంలో నుంచుని, ఆ రోడ్డు మీద ఏం జరగొచ్చో వాళ్ళ అమ్మలకు చెప్తాను.