మారిషస్‌కి మా అత్త కట్టిన ఫైలు

వీసా ఇవ్వలేమని ఉత్తరం వచ్చినప్పుడు మూడు రోజులు దాన్ని ఎవరికీ చూపించలేదు. నాలుగో రోజు ఆదివారం. పొద్దున్నే పలాసలో బస్సెక్కి టెక్కలిలో ఉన్న మా మేనత్త దగ్గరికి వెళ్లాను.

నేను సబ్‌టైటిళ్లు రాస్తాను. తెలుగు, ఒడియా సినిమాలూ సీరియళ్లూ ఇంగ్లీషు చదివేవాళ్లకు అర్థమయ్యేలా తెర కింద వచ్చే రెండు వరుసలు రాయడం నా పని. ఒడియా మా అమ్మ నుంచి వచ్చింది. ఆమె పుట్టింది ఒడిశా సరిహద్దు దగ్గర జలంత్రకోటలో, చదువుకున్నది ఇచ్ఛాపురంలో. కాశీబుగ్గలో మా మేడమీద గది, ఒక లాప్‌టాప్, కరెంటు పోయినా ఆగని ఇన్వర్టరు, ఇదే నా ఆఫీసు. నాకు పనిచ్చేవాళ్లు ముగ్గురు, ముగ్గురూ బయటి దేశాలవాళ్లే. నేను ఎక్కడ కూర్చుని రాస్తున్నానో వాళ్లలో ఒక్కరూ అడగలేదు. ఆ సంగతి తట్టిన రోజు నుంచీ ఒక్కటే ఆలోచన: ఒక ఏడాదైనా వేరే దేశంలో కూర్చుని ఇదే పని చేయాలి.

అలా తిరుగుతూ పనిచేసేవాళ్ల వీడియోలు లెక్కలేనన్ని చూశాను. బ్యాగు సర్దుకుని బయల్దేరండి, మిగతావి దారిలో చూసుకోవచ్చు అనేవాళ్లు. వాళ్ల పాస్‌పోర్టు చూపిస్తే తలుపులు తెరుచుకుంటాయి. 'చవక' అని వాళ్లు చెప్పే గది అద్దె మా నాన్న టీచరు పెన్షన్‌ని దాటిపోతుంది. అయినా వాళ్ల మాటలే పట్టుకుని యూరప్‌లోని ఒక చిన్న దేశానికి దరఖాస్తు పెట్టాను. నా ఖాతా నిండుగా కనబడాలని నాన్న తన దగ్గరున్నదంతా అందులో వేశారు. ఆరు వారాల తర్వాత నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చింది. నా ఆదాయం మీద, నేను తిరిగి వెళ్తానన్న మాట మీద తమకు నమ్మకం కుదరలేదని అందులో ఉంది.

నేను వెళ్లేసరికి అత్త వరండాలో కూర్చుని పచ్చి జీడిపప్పు ఒలుస్తోంది. ఆమె మా నాన్నకు అక్క. గవర్నమెంటు ఆఫీసులో గుమస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరైంది. చేతులకు జీడి అంటకుండా రాసుకున్న నూనె తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"ఆడు నిన్ను కాదన్నేదు అమ్మీ. నీ కాయితాల్ని కాదన్నాడు."

"రెండూ ఒకటే కదా అత్తా."

"ఒకటెలాగవుద్ది? ముప్పయ్యేళ్లు నేను సేసిన పనే అది. మనిషి మొకం సూసి ఎవర్నీ కాదన్నేదు. కాయితంలో డవుటు కనబడితే పక్కన పెట్టేసేదాన్ని. ఏదీ, నువ్వు పంపినవన్నీ సూపించు."

ఫోన్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా చూపించాను. బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర ఆగింది.

"ఈ డబ్బేటి? అప్లికేషను పెట్టిన ముందు వారం ఒక్కపాలి ఒచ్చి పడింది."

"నాన్న వేశారు."

"నా తమ్ముడు మంచోడే గానీ ఆడికీ సంగతి తెల్దు. సూసినోడు ఏటనుకుంటాడు? ఎవరి దగ్గరో తెచ్చి సూపిత్తన్నారనుకుంటాడు. ఈ ఫైలు నా టేబిలు మీదకొచ్చినా పక్కనే పెట్టుదును."

ఆ మాటకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చూసింది గానీ ఓదార్చలేదు. లోపలికి వెళ్లి కొత్త నోటుపుస్తకం ఒకటి, స్కేలు ఒకటి తెచ్చింది. మధ్యాహ్నం జీడిపప్పు కూరతో భోజనం చేశాక మా పని మొదలైంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను టెక్కలి వెళ్లాను. నోటుపుస్తకంలో ఒక్కో దేశానికి ఒక్కో పేజీ. మన పాస్‌పోర్టుకు వాళ్లేం అడుగుతారు, ఎన్నాళ్లు ఉండనిస్తారు, మన రూపాయి అక్కడ ఎంతవరకు వస్తుంది. నేను చదివి చెబితే ఆమె రాసేది. చాలామంది టూరిస్టు వీసా మీద వెళ్లి, చడీచప్పుడు లేకుండా పని చేసుకుని వచ్చేస్తారని ఒకసారి అన్నాను. అత్త కలం ఆపింది.

"ఎవడో తలుపు కొట్టినప్పుడల్లా లాప్‌టాపు మూసుకుంటావా?"

"అందరూ అలాగే చేస్తున్నారు."

"నువ్వు సెయ్యవు. పని సేసుకోమని రాసిచ్చిన దేశమే సూద్దాం."

ఆ ఒక్క షరతుతో నోటుపుస్తకంలో సగం పేజీలు కొట్టేశాం. కొన్ని దేశాలు పని చేసుకోనిస్తాయి గానీ, అవి అడిగే ఆదాయం నాకు మరో పదేళ్లకైనా వస్తుందో రాదో. చివరికి మిగిలినవాటిలో మారిషస్ ఉంది. బయటి దేశాలకు పనిచేసుకునేవాళ్లు ఏడాది పాటు అక్కడే ఉండి పని చేసుకోవచ్చని వాళ్లే రాసిపెట్టారు. అయితే నెలనెలా ఇంత సంపాదన ఉన్నట్టు చూపించాలి. నాది కొన్ని నెలలు ఆ గీత దాటేది, కొన్ని నెలలు కిందే ఉండేది. పైగా వాళ్లదీ రూపాయే గానీ, అది ఒకటికి మనవి దాదాపు రెండు పెట్టాలి.

"అయితే ఆర్నెల్లు ఆగుదాం," అంది అత్త. "తొందరపడి పెట్టిన ఫైలే ఎనక్కి ఒత్తాది."

ఆ ఆరు నెలలు నా బతుకులో నేను అంతకుముందెప్పుడూ చేయనివి చేశాను. ఇతరులు రాసిన సబ్‌టైటిళ్లను సరిచూసే పని అదనంగా తీసుకున్నాను. ఏడాదికి ఒప్పందం రాసివ్వమని ముగ్గురినీ అడిగాను. నాలుగేళ్లుగా పెంచని రేటు పెంచమనీ అడిగాను. ఆ ఉత్తరం పంపిన రోజు అన్నం సరిగా తినలేకపోయాను. ఇద్దరు మర్నాడే ఒప్పుకున్నారు. మూడో ఆయన ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని రాశాడు.

బస కోసం సముద్రపు ఒడ్డు హోటళ్ల జోలికి పోలేదు. ఊరి లోపల, మార్కెట్టుకు నడిచి వెళ్లగలిగే చోట, మేడమీద గదులున్న ఇల్లు వెతికాను. నెలల లెక్కన ఉంటానంటే ఇంటావిడ అద్దె బాగా తగ్గించింది. ఆమె పూర్వీకులు తెలుగువాళ్లట. విమానం ముంబై నుంచి, టికెట్టు తక్కువని వారం మధ్యలో. ముంబై దాకా పలాసలోనే ఎక్కే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ స్లీపరు.

వీసాకు రాసిన ఉత్తరాన్ని అత్త ఎన్నిసార్లు తిప్పి పంపిందో లెక్కలేదు. ఒకసారి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఇచ్చింది.

"'దయచేసి' అని ఎన్నిసార్లు రాసేవో సూడు. ఒకపాలి సాలు. నువ్వు అడుక్కోడం నేదు. నాకు అర్హత ఉందని సెప్తన్నావు."

ఆ రాత్రంతా ఆ మాటే మనసులో మెదిలింది. పాస్‌పోర్టు బలహీనమైనదైతే మనమూ అంతే అనుకుని, ప్రతి వాక్యాన్నీ చేతులు కట్టుకుని రాశానని అప్పుడు తెలిసింది. మర్నాడు కొత్తగా రాశాను. అర పేజీ అయింది. నేనేం చేస్తాను, ఎంత సంపాదిస్తాను, ఎక్కడుంటాను, ఎప్పుడు తిరిగొస్తాను. ఇన్ని నెలల్లో మొదటిసారి అత్త ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఫైల్లో పన్నెండు కాయితాలు. మొదటి పేజీలో వాటి పట్టిక. చూసేవాడికి ఏ అనుమానం రావచ్చో అత్త ముందే ఊహించి, ఒక్కో అనుమానానికి ఒక్కో కాయితం పెట్టింది. తిరిగొస్తానన్నదానికి రుజువుగా జలంత్రకోటలో అమ్మకొచ్చిన జీడి తోట పత్రం కూడా అందులో ఉంది.

జవాబు ఒక మంగళవారం పొద్దున వచ్చింది. ఏదో సీరియల్లో అత్తాకోడళ్ల తగువుకు ఇంగ్లీషు వెతుకుతున్నాను. మెయిల్ తెరిచి, చదివి, మళ్లీ చదివి, మేడ దిగాను. నాన్న పేపరు చదువుతున్నారు. ఫోను ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివి కళ్లజోడు తీసి, అమ్మను పిలిచారు. అప్పుడు అత్తకు ఫోన్ చేశాను.

"మళ్లీ ఏ కాయితం అడిగేరు?" అంది.

"ఏదీ అడగలేదత్తా. ఇచ్చేశారు."

"మరంతే," అంది. ఆ తర్వాత టెక్కలిలో తెలిసిన ప్రతి ఇంటికీ ఆమే వెళ్లి చెప్పుకుందని నాన్న చెప్పారు.

మారిషస్‌లో నా గది కిటికీ నుంచి చెరకు తోటలు, వాటి వెనక నల్లటి కొండ కనిపించేవి. మనకంటే గంటన్నర వెనకుంటారు కాబట్టి నాకు పనిచ్చేవాళ్లెవరికీ తేడా తెలియలేదు. మధ్యాహ్నం దాకా పని, ఆ తర్వాత బస్సులో ఏ ఊరికి బుద్ధి పుడితే ఆ ఊరికి. వంట నాదే. మూడో నెలకే అర్థమైంది, అనుకున్నదానికంటే తక్కువలో, ఎవరికీ జడవకుండా బతకగలుగుతున్నానని. ఆ ధైర్యంతోనే అత్తకు రాశాను: మనవాళ్లు చుట్టపుచూపుగా రావడానికి ఇక్కడ ముందుగా వీసా అక్కర్లేదు, రా.

ఆమెకు అరవై మూడేళ్లు. అప్పటిదాకా పాస్‌పోర్టు లేదు. మారు మాట్లాడకుండా తీసుకుంది. ముంబై దాకా నాన్న తోడొచ్చి విమానం ఎక్కించారు.

విమానాశ్రయంలో అద్దాల ఇవతల నిలబడి ఎదురుచూశాను. అత్త వచ్చింది. నీలం అంచు నేత చీర, భుజాన సంచి, చేతిలో ఫైలు. నడకలో ఎక్కడా తడబాటు లేదు.

"ఇమ్మిగ్రేషన్లో ఏమడిగారు?" అన్నాను బ్యాగు అందుకుంటూ.

"ఎన్నాళ్లుంటావన్నాడు. సెప్పేను. తిరుగు టికెట్టు సూసేడు, స్టాంపేసేడు. మిగతా కాయితాలు ఇప్పనేనేదు." ఆమె గొంతులో కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు ఉంది. రెండడుగులు వేశాక నవ్వింది. "ఇన్నేళ్లూ టేబిలుకి అటేపు కూకున్నాను గదా. ఇటేపు నిలబడ్డం ఇదే మొదలు. బాగుంది."

నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ అక్కడి సాయంత్రం బడిలో పుస్తకాలు చదివి తెలుగు నేర్చుకుంది. ఆమె తెలుగు అచ్చు పాఠంలా ఉంటుంది. అత్త వంటింట్లోకి వెళ్లి "ఏటి వండుతున్నారు?" అని అడిగితే, ఆవిడ గరిట పక్కన పెట్టి చాలా మర్యాదగా, "క్షమించండి. 'ఏమిటి' అనవలెను," అంది. అత్త నా వైపు చూసింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

"మా టెక్కలి నుంచి ఇంత దూరమొచ్చి తెలుగు దిద్దించుకుంతన్నాను," అని ఆమె కూడా నవ్వేసి, ఆవిడ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. వారం తిరిగేసరికి ఇద్దరూ కలిసి మార్కెట్టుకు వెళ్లడం మొదలైంది. ఒకరోజు ఇంటావిడ చేపల బుట్ట దించుతూ నాతో, "ఏటి, ఇంకా పని సేత్తన్నావా?" అంది.

నెల దాటాక అత్త పాస్‌పోర్టు తెరిచి, స్టాంపు మీద రాసిన తేదీ చూసి, వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఇంకా పద్దెనిమిది రోజులు ఉండొచ్చంది. రేపు దక్షిణం వైపు బస్సు ఎన్నింటికో కనుక్కోమని నాకు చెప్పి, చెప్పులేసుకుని బయటికి వెళ్లింది.