పురుగులకు విడిచిన ఐదు సాళ్లు

నేను బైపీసీ చదివాను. ఈ మాటను ఇప్పుడు ఎవరూ లెక్కచేయరు గానీ, పెళ్లై కల్వకుర్తి దగ్గరి మా అత్తగారి ఊరికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మనిషిని నేనొక్కదాన్నే. వనపర్తిలో ఇంటర్ చదువుతున్నప్పుడు మాకు బాటనీ చెప్పే మేడం ఒకరోజు పాఠం పక్కన పెట్టి, రాబోయే కాలంలో మనుషులు జీవుల్ని కూడా చీర నేసినట్టు కావలసిన పోగులు ఎంచుకుని నేస్తారని చెప్పింది. జబ్బుకు మందు కాసే మొక్కలు వస్తాయంది. ఎరువు అడగని వరి వస్తుందంది. ఒలికిన చమురును తినేసే సూక్ష్మజీవులు వస్తాయంది. ఆ రోజు హాస్టల్లో నేను అన్నం సరిగ్గా తినలేదు, అంత సంతోషం. తర్వాత ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు, పెళ్లయిపోయింది. ఆ సంతోషం మాత్రం లోపలెక్కడో మిగిలిపోయి, వాడుకోవడానికి ఒక చోటు వెతుక్కుంటూ ఉండేది.

ఆ చోటు మా మామ.

ఆయనకు అక్షరం ముక్క రాదు. కానీ కాగితమంటే చెప్పలేనంత గౌరవం. కరెంటు బిల్లు, పెళ్లి పత్రిక, ఆఖరికి సబ్బు మీద చుట్టిన కాగితం కూడా నాతో చదివించుకునేవాడు. నేను చదువుతుంటే నములుతున్న వక్క కూడా ఆపేసి వినేవాడు. అత్త నేను రాకముందే పోయింది. ఇంట్లో ఆయన, మా ఆయన, నేను. "మా కోడలు సదివితె రేడియోల వార్తలు చెప్పినట్టే ఉంటది," అని ఊరంతా చెప్పుకునేవాడు. మా ఆయనకు అది నచ్చేది కాదు. "కోడలు సదువుకుంటె నువ్వే సదువుకున్నట్టు తిరుగుతున్నవ్," అని తండ్రిని దెప్పేవాడు.

బీటీ పత్తి మా దిక్కుకు వచ్చింది ఆ రోజుల్లోనే. అంతకుముందు పత్తి అంటే మందు కొట్టుడే. కాయలోకి దూరే పచ్చపురుగు కోసం మామ పంపు వీపున కట్టుకుని, మూతికి తువ్వాల చుట్టుకుని, కనిపించిన మందల్లా కొట్టేవాడు. ఒక ఏడు అట్లా కొడుతూనే చేన్లో పడిపోతే ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయారట. అప్పటి నుంచి మందు డబ్బా మూత తీస్తేనే ఆయనకు వాంతి వచ్చేది. అందుకని, మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి గుణాన్ని పత్తిలో కలిపారని, ఆ ఆకు కొరికితే పురుగు తనంతట తానే చస్తుందని నేను చెప్పినప్పుడు ఆయన ఆ ఏడే ఆ విత్తనం వేస్తానన్నాడు. ఆ విత్తనాలు ఎక్కడో విదేశంలో తయారవుతాయని ఆయన అనుకున్నాడు. కాదని చెప్పాను. గద్వాల దిక్కు, ధరూర్ చేలల్లో ఆడపిల్లలు ఎండలో వంగి ఒక్కో పువ్వుకు పుప్పొడి అద్దితే తయారయ్యేవే అవి. మా మేనమామ వాళ్ల ఊరు అక్కడే కాబట్టి నేను చూశాను. ఆ పిల్లల్లో బడి ఈడు వాళ్లు కూడా ఉండేవాళ్లని మాత్రం చెప్పలేదు. సంతోషానికి అడ్డం వచ్చేవి నేను అప్పుడు చెప్పేదాన్ని కాదు.

విత్తనాల పెట్టెలో పెద్ద ప్యాకెట్‌తో పాటు ఒక చిన్న ప్యాకెట్, మడత పెట్టిన కాగితం ఉన్నాయి. కల్వకుర్తి దుకాణదారు, "గా చిన్నది పారెయ్యి పెద్దయ్యా, ఎవ్వరు ఏస్తలేరు," అన్నాడట. మామ పారేయకుండా ఇంటికి తెచ్చాడు.

"గిది ఎందుకిచ్చిండ్రో జర సదివి చెప్పు బిడ్డా," అన్నాడు.

చదివాను. చిన్న ప్యాకెట్‌లో ఉన్నది మామూలు పత్తి. బీటీ పత్తి చుట్టూ దాన్ని ఐదు సాళ్లు వేయాలి. ఎందుకో కాగితంలో ఒకే వాక్యంలో రాశారు. మిగతాది నేనే చెప్పాను. పురుగులన్నిటికీ విషం పత్తే దొరికితే, దాన్ని తట్టుకుని బతికిన ఒకటి రెండు పురుగులు వాటిలో అవే జతకడతాయి, వాటి పిల్లలు విషాన్ని లెక్కచేయవు. మామూలు పత్తి తిని పెరిగిన పురుగులు కూడా ఉంటే బతికినవి వాటితో కలుస్తాయి, ఆ బలం పలచబడుతుంది.

"అంటె పురుగులకు గింత వాటా ఇడువాలె," అన్నాడు మామ. నా రెండేళ్ల చదువును ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. "మరి గా సాళ్లకు మందు కొట్టాల్నా, వద్దా?"

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. ఆ సంగతి ఎక్కడా లేదు. కొడితే పురుగులు చస్తాయి, చస్తే వాటా విడిచి లాభమేంటని నా బుర్రకు తోచింది. అది నా ఆలోచన అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కాగితాన్ని కళ్ల ముందు పెట్టుకునే, చదువుతున్న గొంతుతోనే, "కొట్టొద్దు మామా," అన్నాను. మేడం గొంతు నాలో పలికినట్టు అనిపించింది. నాకు ఒళ్లు పులకరించింది కూడా.

ఊళ్లో ఆ ఐదు సాళ్లు వేసింది మా మామ ఒక్కడే. మిగతా వాళ్ల చిన్న ప్యాకెట్లు చేల గెట్ల మీద, మురుగు మోరీల్లో పడి ఉండేవి. పూత కాలం వచ్చేసరికి మా చేను విచిత్రంగా తయారైంది. లోపల పత్తి కడిగినట్టు శుభ్రంగా ఉంది. చుట్టూ ఐదు సాళ్లలో ఆకు చిల్లులు, కాయ చిల్లులు, ప్రతి కాయలో ఒక పురుగు. దారిన పోయేవాళ్లు, "ఏందే, మేకలను ఇడిసి పురుగులను సాదుతున్నవా?" అని ఆటపట్టించేవాళ్లు. మామ నవ్వి, నేను చెప్పిందంతా వాళ్లకు తిరిగి చెప్పేవాడు. తప్పుల్లేకుండా చెప్పేవాడు. గెట్టు మీద నిలబడి వింటూ నేను గర్వపడేదాన్ని.

మా పక్క చేను ఆ ఏడు ఒక మొగుడూపెళ్లాలు కౌలుకు తీసుకున్నారు. చాలా ఏళ్లు బొంబాయిలో ఇళ్లు కట్టే పనికి పోయి వచ్చినవాళ్లు. ఇక పోము అని తీర్మానించుకుని, కూతురిని ఊరి బడిలో వేసి, చేనంతా కంది పెట్టారు. బోరు దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఆమె నాతో, "ఈపారి కంది చేతికొస్తె మల్ల బొంబాయి బండెక్కం అక్కా. పిల్ల సదువుతది," అంది. ఆమె నాకంటే పెద్దది. అయినా చదువుకున్నానని అక్కా అనేది.

పచ్చపురుగుకు పత్తి ఎంత ఇష్టమో కంది కూడా అంతే ఇష్టం. ఈ సంగతి నాకు తెలియకపోలేదు. పుస్తకంలోనే ఉంది. గుర్తు తెచ్చుకోలేదు.

కంది కాత మీదికి వచ్చాక ఒక పొద్దున ఆమె అరచేతిలో ఒక కాయ పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పురుగు సగం ఒళ్లు కాయలో, సగం బయట. "మీ చేన్ల నుంచే వస్తున్నయంటుండ్రు," అంది. కోపంగా అనలేదు, అడిగినట్టు అంది. మామ ఆ కాయను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆమె వెళ్లాక నా వైపు తిరిగి, "ఇప్పుడన్న మందు కొడుదమా బిడ్డా? నేనే కొడ్త," అన్నాడు. మందు వాసనకే కడుపులో తిప్పే మనిషి ఆ మాట అన్నాడు. నేను, "కాగితంల వద్దని ఉన్నది గద మామా," అన్నాను. రెండోసారి. ఆయన పంపు వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

పది పదిహేను రోజుల్లో కంది చేను పోయింది. కాయలున్నాయి, కాయల్లో గింజలు లేవు. ఒకమాట ఉన్నదున్నట్టు చెప్పాలి. కందికి పురుగు ప్రతి ఏడూ వస్తుంది. రెక్కలొచ్చాక ఆ పురుగులు ఎంత దూరం నుంచైనా ఎగిరొస్తాయి. మా ఐదు సాళ్ల నుంచే వచ్చాయని ఎవరూ రుజువు చేయలేరు, రాలేదని నేనూ చేయలేను. అందరూ చిన్న ప్యాకెట్ వేసి ఉంటే పురుగు అన్ని చేలకూ పంచుకుని ఉండేదేమో. ఒక్కడే వేశాడు కాబట్టి నేరం ఒక్కడికే మిగిలింది.

పంచాయతీ ఆఫీసు ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. ఎందుకు మందు కొట్టలేదని మామను అడిగారు. ఆయన ఏ బెదురూ లేకుండా, "కాగితంల కొట్టొద్దని ఉన్నది. మా కోడలు సదివింది," అన్నాడు. నన్ను పిలిపించారు. కాగితం తెమ్మంటే తెచ్చాను. ఆ కౌలుదారు భార్య నేల మీద కూర్చుని ఉంది. మా ఆయన గోడకు ఆనుకుని, నువ్వేం చెప్తావో చూస్తానన్నట్టు నిలబడ్డాడు.

"మందు కొట్టొద్దని రాసి ఉన్నదా అమ్మా గిండ్ల?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"లేదు. గట్ల రాసి లేదు," అన్నాను.

అది నిజం. అంతవరకు నిజమే.

"మరి గాయనకెవరు చెప్పిండ్రు?"

నేను మామ వైపు చూడలేదు. "నాకు తెల్వదు. నేను సదివింది ఒకటి, మామ ఏమనుకున్నడో," అన్నాను.

కొందరు నవ్వారు. ముసలోడికి చెవులు పోయినయ్ అని ఎవరో అన్నారు. అప్పుడు చూశాను మామను. ఆయన ముఖంలో కోపం లేదు. ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదేమో. తన చేన్లో తానే దారి తప్పిన మనిషిలాగా నిలబడ్డాడు. కాసేపటికి, "అయితే నేనే సక్కగ ఇనలేదు," అని ఆ ఆడమనిషికి చేతులు జోడించాడు.

మర్నాడు ఆ ఐదు సాళ్లు తానే పీకాడు. సాయం పోతానంటే వద్దన్నాడు. మా జొన్నల్లో రెండు సంచులు ఆ ఇంటికి మోసి ఇచ్చి వచ్చాడు. జొన్నలు ఎన్నాళ్లు వస్తాయి? చలి తగ్గకముందే వాళ్లు బొంబాయి బండెక్కారు. పిల్లను కూడా తీసుకుపోయారు. పోయే ముందు ఆమె నాతో మాట్లాడలేదు.

పంచాయతీ అయిన వారంలోనే ఒక సాయంత్రం పశువుల కొట్టం దగ్గర మామ నన్ను ఆపాడు. "నువ్వు సదివింది ఒకటి, నేను చేసింది ఒకటి. పంచాయితీల నిలవెట్టి నీకు మాట తెచ్చిన బిడ్డా," అన్నాడు. "పోనీ తియ్యి మామా," అన్నాను. క్షమించినదాన్ని నేను! రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు కాలుతున్నాయి.

ఆ తర్వాత సేద్యం మా ఆయన చేతికి పోయింది. చిన్న ప్యాకెట్‌ను ఆయన దుకాణం ముందే పారేసి వచ్చేవాడు. మామ తన మాట మీద తానే నమ్మకం పోగొట్టుకున్నాడు. ఎడ్లకు నీళ్లు పెట్టి వచ్చి, పెట్టానా లేదా అని మళ్లీ వెళ్లి చూసేవాడు. ఎవరేం చెప్పినా రెండుసార్లు చెప్పించుకునేవాడు. నలుగురిలో నోరు విప్పడం మానేశాడు.

ఈ మధ్య పేపర్లలో సింథటిక్ బయాలజీ అనే మాట కనిపిస్తే ఆగి చదువుతాను. మేడం చెప్పిన నేతపని మొదలైనట్టే ఉంది. ఈస్ట్‌తో మందులు చేయిస్తున్నారు, జీవుల లోపలి రాతను అక్షరం అక్షరం కూర్చుతున్నారు. దాని మంచి నాకు తెలుసు, మందు వాసనకు వాంతి చేసుకునే మనిషిని చూసినదాన్ని. అవి బయటికొస్తే ఎవరు పట్టుకుంటారు, తప్పు జరిగితే ఎవరు జవాబుదారీ అని కూడా పెద్ద పెద్దవాళ్లు వాదించుకుంటున్నారు. మంచిదే. కానీ వాళ్లు ఎంత జాగ్రత్తగా కాగితం రాసినా, చివరికి దాన్ని ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని చదివి చెప్పాలి. ఆ చదివేవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటారని వాళ్ల లెక్కలో ఉందో లేదో తెలియదు.

ఆ పంచాయతీ జరిగిన నాలుగైదేళ్లకు మామను కంటి పరీక్షకు నాగర్‌కర్నూల్ తీసుకుపోయాను. ఆ రోజు అక్కడ రైతుల సభ ఉంటే నీడకని కూర్చున్నాం. వ్యవసాయ అధికారి ఒకాయన మైకులో చెప్తున్నాడు: "చిన్న ప్యాకెట్ పారేస్తున్నరు. గిట్లనే పారేసుకుంట పోతె ఒకనాటికి పురుగు ఈ పత్తికి అలవాటు పడ్తది. చేను సుట్టు ఐదు సాళ్లు ఎయ్యుండ్రి. పురుగుకు గింత వాటా ఇడువుండ్రి." మామ కూర్చున్నచోటే ముందుకు వంగాడు. సభ అయ్యేదాకా ఆ మనిషి ముఖం నుంచి చూపు తిప్పలేదు.

బస్సు దిగి ఊరి దారిలో నడుస్తున్నాం. మధ్యాహ్నం ఎండ, ముందూ వెనకా మనిషి లేడు.

"గాయన చెప్పింది నాకు ఎరికైనట్టే ఉన్నది బిడ్డా," అన్నాడు మామ. "గప్పుడు నువ్వు సదువుతుంటె గట్లనే ఇనొచ్చింది నాకు. మందు ముచ్చట గూడ నీ గొంతుతోనే ఇన్నట్టున్నది. నువ్వు అనలేదా?"

పంచాయతీలో అంతమందిని చూసి భయపడ్డాను, అందుకే అట్లా అన్నాను అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇక్కడ పెద్దమనుషులు లేరు. మా ఆయన లేడు. ఒక్క మాట చాలు, ఆయన చెవులు ఆయనకు తిరిగి వచ్చేవి.

"యాదికి లేదు మామా," అన్నాను.

ఆయన నిలబడి నా ముఖం చూశాడు. కంట్లో వేసిన చుక్కలకు ఆయనకు సరిగ్గా కనిపించి ఉండదు. "ఔ తియ్యి, నేనే ఏందో అనుకుంట," అన్నాడు. మళ్లీ నా వెనకే నడిచాడు.